మా సార్ చూడకూడని చంద్రుడు

ఇప్పుడంటే ఎవరి చేతిలో చూసినా ఫోనే. పైకెత్తి రెండు వేళ్ళతో లాగితే చంద్రుడు కొబ్బరికాయంత అయ్యి వచ్చి కూర్చుంటాడు. మా వీధిలో ఇడ్లీలు వేసే ఆమె కూడా పోయిన పున్నానికి తీసి స్టేటస్‌లో పెట్టింది. నేను చిలకలూరిపేటలో ఫోటో స్టూడియోలో పనిచేసేటప్పుడు ఇంత సులువు లేదండి. చంద్రుణ్ణి దగ్గరగా తియ్యాలంటే మోచెయ్యంత పొడుగు లెన్స్ కావాలి, దాన్ని నమ్మి ఇచ్చేవాళ్ళు కావాలి, ఆకాశంలో మబ్బు ఉండకూడదు, అన్నిటికంటే ముందు ఆ రోజు వినాయక చవితి అయ్యుండకూడదు. మాకు మిగతావన్నీ కుదిరినాయి. ఆ ఆఖరిది ఒక్కటే కుదరలా.

నేను ఇట్టా కూర్చుని రాయడం ఇదే మొదలు. ఐదో తరగతితో బడి మానేశా. నోటితో చెప్పమంటే ఎంతసేపైనా చెప్తా, ఫంక్షన్లలో అందరూ చెప్పించుకుని మరీ నవ్వుతారు. కాగితం ముందు పెట్టుకుంటేనే చెయ్యి బిగుసుకుపోతోంది. మాటలు అటూఇటూ అయితే మీరే సర్దుకోండి.

మా స్టూడియో మెయిన్ రోడ్డుని ఆనుకునే ఉండేది. కింద స్టూడియో, పైన సార్ వాళ్ళ ఇల్లు, దాని పైన డాబా. సార్‌కి అప్పటికే నలభై దాటినాయి. ఊళ్ళో ఆయన్ని 'నవ్వండి సార్' అనేవాళ్ళు. ఎందుకంటే ఎవర్ని తీసినా, ఆఖరికి రేషన్ కార్డు ఫోటో అయినా, కెమెరాలో కన్ను పెట్టి "కొంచెం నవ్వండి" అనేవారు. (ఒకసారి చావు ఇంట్లో కూడా అలవాటుగా అనేశారు. ఆ కథ ఇప్పుడొద్దు.) నా పని ఏంటంటే అద్దం పట్టుకోవడం. ఆడవాళ్ళు ఫోటో దిగడానికొస్తే కర్టెన్ వెనకాల అద్దం పట్టుకుని నిలబడాలి. దువ్వెన ఇవ్వాలి, పౌడర్ ఎక్కువైతే తుడవాలి, పైట సర్దాలి, చంటిపిల్లలు ఏడిస్తే గిలక్కాయ ఊపాలి. రెండేళ్ళు ఇదే పని. అందుకే నాకు పేరు కూడా 'అద్దం పిల్ల' అని పడిపోయింది. కెమెరా మాత్రం ముట్టుకోనిచ్చేవాళ్ళు కాదు. "దాని జోలికి పోమాక అమ్మాయ్, అది చాలా సున్నితం" అనేవారు సార్. అయితే కళ్ళకి అడ్డం పెట్టలేదుగా. ఆయన వెనకాల నిలబడి ఏ చక్రం ఎటు తిప్పితే ఫోటో చీకటవుద్దో, ఎటు తిప్పితే తెల్లబడుద్దో చూసి చూసి కంఠతా పట్టేశా. రాత్రి పడుకున్నాక నా వేళ్ళు వాటంతట అవే దుప్పటి మీద తిరిగేవి.

మాది ఊరి చివర చర్చి పక్కన కాలనీ. మా అమ్మ మిరపకాయల పనికి పోయేది. కోల్డ్ స్టోరేజీ పక్కనే పెద్ద రేకుల షెడ్డు, దాంట్లో గుట్టలు గుట్టలుగా ఎండు మిరపకాయలు, చుట్టూ ఆడవాళ్ళు కూర్చుని ఒక్కో కాయకీ పైన ఉండే తొడిమ తీసి పారేస్తారు. మా వైపు దాన్ని ముచ్చికలు తియ్యడం అంటారు. మా అమ్మకి నా స్టూడియో పని మొదట్నుంచీ నచ్చలా. "పొద్దస్తమానం ఊళ్ళోవాళ్ళ మొహాలకి అద్దం చూపించే పని ఏందే? దాంట్లో నేర్చుకునేది ఏముంది? కెమెరా చేతికిస్తే ఇవ్వమను. లేదంటే ఈ నెలాఖరుకి మానేసి నాతో షెడ్డుకి రా" అని తేల్చి చెప్పేసింది. మా అమ్మ మాట అంటే అయిపోయినట్టే. నాకేమో షెడ్డంటే దడ. చిన్నప్పుడు ఒక వేసవంతా పోయా. ఆ ఘాటుకి తుమ్మి తుమ్మి పక్కటెముకలు పట్టేసినాయి. అన్నం కలుపుకుంటే చేతులు మంట, మొహం కడుక్కుంటే మొహం మంట. అన్నిటికంటే నాకు కెమెరా కావాలి. ఎందుకు కావాలంటే చెప్పలేను, కావాలి అంతే.

చవితి రోజు స్టూడియోకి సెలవు. మా అమ్మ ఖాళీగా కూర్చోనిస్తుందా, పొద్దున్నే షెడ్డుకి లాక్కుపోయింది. పండక్కని సగం మంది రాలేదంట, సరుకేమో మర్నాడే లారీకి ఎక్కాలంట. సాయంత్రం నాలుగింటికి నా డబ్బా ఫోన్ మోగింది. చూస్తే సార్.

"అమ్మాయ్, మీకు చవితి లేదు కదా?"

"లేదండి, మేం చర్చికి పోతాం కదండి."

"అదే, అదే. అంటే చంద్రుణ్ణి చూస్తే మీకేం కాదు కదా?"

"ఏం కాదండి" అన్నా.

ఆ మాట ఎంత ధైర్యంగా అన్నానో ఇప్పుడు తల్చుకుంటే నాకే ఆశ్చర్యం. మీకు తెలియంది కాదు, చవితినాడు చంద్రుణ్ణి చూస్తే చెయ్యని తప్పు నెత్తిన పడుద్దని నమ్మకం. మాకు చవితి లేని మాట నిజమే. కానీ మా నాయనమ్మ ఆదివారం చర్చిలో ముందు వరసలో కూర్చునే మనిషి అయ్యుండి కూడా, ఆ ఒక్క సాయంత్రం ఆకాశం వైపు తలెత్తేది కాదు. "ప్రభువు చూసుకుంటాడు, అయినా మనకెందుకొచ్చింది గొడవ, తల దించుకుని నడువు" అనేది. మా కాలనీలో అందరం అంతే. కాబట్టి నేను పుట్టి ఇరవై ఏళ్ళయినా చవితి చంద్రుణ్ణి ఒక్కసారి కూడా చూసి ఎరగను. ఈ సంగతి సార్‌కి చెప్పలా. చెప్తే ఇంకెవర్నన్నా పిలిచేవారు.

సంగతేంటంటే, గుంటూరులో సార్ స్నేహితుడు ఒకాయన ఉన్నారు. చెరువుల వెంటపడి కొంగల్నీ బాతుల్నీ ఫోటోలు తీస్తుంటారు. ఆయన పండక్కి మా ఊళ్ళో అత్తగారింటికి వచ్చి, తన పొడుగు లెన్స్‌ని ఒక్క సాయంత్రం సార్‌కి ఇచ్చారు. మర్నాడు మొదటి బస్సుకి లెన్స్‌తో సహా వెళ్ళిపోతారు. మరి ఆయనే తీయొచ్చుగా అంటే, ఆయనకీ చవితే. పైగా అత్తగారు పెట్టిన కుడుములూ పులిహోరా తిని పడుకున్నారంట, లేపినా లేవడంలా.

సార్‌కి ఈ చంద్రుడి పిచ్చి ఎప్పట్నుంచో ఉంది. అప్పట్లో పెళ్ళి ఆల్బమ్‌లో పెళ్ళికొడుకునీ పెళ్ళికూతుర్నీ నెలవంక మీద కూర్చోబెట్టడం ఫ్యాషన్. అయితే ఊళ్ళో స్టూడియోలన్నిటికీ కంప్యూటర్‌లో దొరికే చంద్రుడు ఒకటే. చుట్టాల పెళ్ళి ఆల్బమ్ చూసినవాళ్ళు వచ్చి "మా పిల్ల కూర్చున్న చంద్రుడి మీదే వాళ్ళ పిల్లా కూర్చుందేంటండీ" అని అడిగితే సార్ మొహం చిన్నబోయేది. సొంత చంద్రుడు కావాలని ఆయన కోరిక. అదీకాక ఫోన్‌లో ఎక్కడో చూశారంట, పొడుగు లెన్స్ పెడితే చంద్రుడి మీద గుంటలు కూడా కనపడతాయంట. ఆ గుంటల సంగతి చెప్పేటప్పుడు ఆయన కళ్ళు చిన్నపిల్లాడి కళ్ళల్లే అయ్యేవి.

మరి తనే చూడొచ్చు గదా అంటే కుదరదు. అంతకు ముందో ఏడాది చవితినాడు బస్సు దిగుతూ పొరపాటున తలెత్తి చూశారంట. ఆ నెలలోనే ఒక పెళ్ళికొడుకు మేనమామ వచ్చి, ఆల్బమ్‌లో నా ఫోటోలు కావాలనే పీకేశావు, ఆడపెళ్ళివాళ్ళతో చేతులు కలిపావు అని నడిబజార్లో గొడవ పెట్టుకున్నాడు. పాపం సార్‌కి ఆ మేనమామ ఎవరో కూడా తెలీదు. అప్పట్నుంచీ సార్ భార్య, మేమంతా ఆంటీ అంటాం, చవితి వస్తే ఆయన్ని కళ్ళల్లో వత్తులు వేసుకుని కాపలా కాస్తారు. ఆ రోజు పొద్దున కూడా నెత్తిన చెయ్యి వేయించుకుని ఒట్టు పెట్టించుకున్నారంట.

నేను షెడ్డులో లేచి గబగబా చేతులు సబ్బుతో కడుక్కుని పరిగెత్తా. మిరపకాయల పని చేసేవాళ్ళకి ఎవరికైనా తెలుసు, ఆ ఘాటు సబ్బుకి పోదు, కొబ్బరినూనో మజ్జిగో రాసి రుద్దాలి. నాకూ తెలుసు. కానీ కెమెరా అనేసరికి ఒళ్ళు తెలీలా.

డాబా మీదకి వెళ్ళేసరికి ఎండ పోయి ఆకాశం నారింజ రంగులో ఉంది. సార్ స్టాండు వేసి, కెమెరాకి ఆ పొడుగు లెన్స్ తగిలించి, తను మాత్రం చంద్రుడి వైపుకి వీపు పెట్టి, అది చాలదన్నట్టు వెనకాల గొడుగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉన్నారు. కింద పందిట్లోంచి మైకు మోగుతోంది. నేను రాగానే సార్ గొడుగు లోపల్నుంచే అన్నారు, "అమ్మాయ్, ఒక్క మంచి ఫోటో పడాలి. పడిందనుకో, రేపట్నుంచి ఓణీల ఫంక్షన్లూ సీమంతాలూ, ఆడవాళ్ళవన్నీ నువ్వే తీద్దువుగాని. కెమెరా నీకే ఇస్తా."

నేను ఇంకో మాట అడక్కుండా పోయి కెమెరా వెనకాల నిలబడ్డా.

సార్ ఎప్పుడూ కన్ను పెట్టబోయే ముందు కెమెరా వెనకాల ఉండే చిన్న నల్లటి రబ్బర్ని బొటనవేలితో ఒకసారి చుట్టూ తుడిచేవారు. నేను కూడా పెద్ద ఫోటోగ్రాఫర్ లెక్కన అట్టాగే బొటనవేలితో తుడిచి కన్ను పెట్టా.

"కనపడ్డాడా?" అన్నారు సార్.

"లేదండి. నీళ్ళ ట్యాంకు కనపడుతోంది. స్పిన్నింగ్ మిల్లుది. దాని మీద ఎవరో కూర్చుని బీడీ తాగుతున్నాడండి, మీసం కూడా కనపడుతోంది."

"ఆయన్నొదిలెయ్. ఇంకొంచెం పైకి."

పైకి తిప్పితే మబ్బు. ఎడమకి తిప్పితే ఏమీ లేదు. ఉత్త కళ్ళతో చూస్తే ఎదురుగ్గా ఉన్నాడు, కెమెరాలో చూస్తే లేడు. ఆకాశం అంత పెద్దదని నాకు అప్పుడే తెలిసింది. కాసేపు వెతికాక ఏదో తెల్లగా, ఉడికిన కోడిగుడ్డుని అలికినట్టు ఒకటి అడ్డం వచ్చింది. "ముందున్న చక్రం మెల్లగా తిప్పు" అన్నారు సార్. తిప్పా. ఆ అలుకుడంతా దగ్గరికి దగ్గరికి వచ్చి, సన్నబడి, గీసినట్టయింది.

"ఏమైంది అమ్మాయ్? మాట్లాడవేం? ఎట్టా ఉన్నాడు?"

"అట్టు మీద చిల్లులు పడతాయి చూడండి, అట్టా ఉన్నాడండి."

"చిల్లులా? గుంటలేనా? ఎన్ని ఉన్నాయి?"

"లెక్కపెట్టనా అండి?"

"వద్దొద్దు. ఎక్కడున్నాయో చెప్పు."

"వెలుగు అయిపోయి చీకటి మొదలయ్యే అంచు దగ్గర లోతుగా ఉన్నాయండి. ఇటు బాగా వెలుతురున్న వైపు మాత్రం నున్నగా ఉంది."

"అంచు దగ్గర ఎండ ఏటవాలుగా పడుద్దమ్మా, నీడలు పొడుగొస్తాయి. అందుకే అక్కడ బాగా కనపడతాయి" అన్నారు సార్. చంద్రుడికి వీపు పెట్టి, గొడుగు కింద నిలబడి, ఆయన అంత వివరంగా చెప్తుంటే నాకు నవ్వూ వచ్చింది, పాపమూ అనిపించింది. తెలిసిన ఆయన చూడకూడదు, చూసే నాకేమో తెలీదు.

మొదటి ఫోటో తీశా. వెనక స్క్రీన్‌లో చూస్తే గుంటలూ లేవు, అంచూ లేదు, టార్చిలైటు మొహాన కొట్టినట్టు ఒకటే తెలుపు. కానీ ఆ తెలుపు పక్కన ఇంకోటి కనపడింది. నెలవంక పోగా మిగిలిన భాగం, బూడిద రంగులో గుండ్రంగా.

"సార్, మిగతా చంద్రుడు కూడా ఇక్కడే ఉన్నాడండి."

"మిగతా చంద్రుడేంటి?" అని సార్ సగం తిరిగారు. తిరిగి, గుర్తొచ్చి, కళ్ళు గట్టిగా మూసుకుని మళ్ళీ అటు తిరిగిపోయారు.

"నెలవంకే ఉంటదనుకున్నానండి. కానీ మొత్తం ఉన్నాడు, చీకట్లో కూర్చున్నట్టు."

సార్ అటు తిరిగే మెల్లగా "అది భూమి వెలుగమ్మా, మన వెలుగే అక్కడికెళ్ళి పడుద్ది" అన్నారు. ఇది అబద్ధమేమో నన్ను ఆట పట్టిస్తున్నారేమో అనుకున్నా. మన ఊళ్ళో కరెంటే సరిగా ఉండదు, మన వెలుగు అక్కడిదాకా ఎక్కడ పోద్ది అని. తర్వాత చదువుకున్నవాళ్ళని అడిగితే నిజమేనన్నారు, భూమి మీద పడిన ఎండ అటు తిరిగి పోద్దంట.

మెట్ల దగ్గర్నుంచి ఆంటీ గొంతు వచ్చింది. "ఏవండీ, అటే తిరిగున్నారా?"

"అటే ఉన్నానే. కావాలంటే వచ్చి చూసుకో."

"నేనొస్తే నాకు కనపడొద్దూ? నేను రాను. మాటలోనే చెప్పండి."

వెలుతురు తగ్గించమన్నారు సార్. చక్రం తిప్పి తగ్గించా. మళ్ళీ తీశా, ఇంకా తెలుపే. ఇంకా తగ్గించా. ఈసారి గుంటలు కనపడినాయి గానీ వణికినట్టు రెండు రెండుగా పడినాయి. "లారీలకి డాబా కదులుద్ది. బటన్ నొక్కి చెయ్యి తీసెయ్, పది లెక్కపెట్టాక అదే తీసుకునేట్టు పెట్టు" అన్నారు. అదీ నాకు తెలుసు, కుటుంబం ఫోటోల్లో తనూ కనపడాలని సార్ అట్టాగే పెట్టి పరిగెత్తి వచ్చి నిలబడేవారు. పెట్టా. ఇంకో తిప్పలు ఏంటంటే చంద్రుడు పెట్టిన చోట ఉండడు. మధ్యలో పెట్టి అటూఇటూ చూసేలోపు పక్కకి జరుగుతుంటాడు.

"పోతున్నాడండి."

"ఎవరు?"

"చంద్రుడండి. నిలబడట్లా."

"'కొంచెం నవ్వండి' అను, ఆగుతాడేమో" అన్నారు సార్. ఆయన జోకు వెయ్యడం నేను చాలా తక్కువసార్లు విన్నా.

అప్పుడు మొదలయింది మంట.

ముందు కుడికన్ను కొంచెం చురుక్కుమంది. రెప్ప ఆర్పకుండా చూసినందుకేమో అనుకున్నా. తర్వాత నీళ్ళు. ఆ తర్వాత అసలు మంట. షెడ్డులో తెలిసిన మంటే. బొటనవేలు, రబ్బరు, కన్ను, మూడూ ఒక్కసారి గుర్తొచ్చినాయి. చెప్పేద్దామా అనుకున్నా. చెప్తే సార్ "సున్నితం అన్నానా లేదా" అంటారు, కెమెరా పీకేస్తారు, నెలాఖరుకి నేను షెడ్డులో ఉంటా. గమ్మున ఎడమకన్ను పెట్టా. (తెలివంటే నాదే. అదే రబ్బరు.) రెండు నిమిషాలకి అదీ అంటుకుంది. ఇక చంద్రుడు ఒకడు కాదు, నలుగురైదుగురు, అందరూ నీళ్ళల్లో తేలుతున్నారు. పైగా పడమటి నుంచి పెద్ద మబ్బు ఒకటి వస్తోంది. చక్రాలన్నీ సరిగ్గా కుదిరినాయి, వెలుతురు సరిపోయింది, చూడ్డానికే కళ్ళు లేవు. ఏదైతే అదయిందని గుడ్డిగా ఒకసారి బటన్ నొక్కి, "ఇప్పుడే వస్తానండి" అని డాబా మూలనున్న కుళాయి దగ్గరికి తడుముకుంటా పరిగెత్తా.

"ఎక్కడికి అమ్మాయ్? మబ్బు వస్తోందా?" అని వెనకనుంచి సార్.

"వస్తోందండి" అన్నా, కుళాయి తిప్పుతా.

నీళ్ళ చప్పుడులో ఫోటో పడిన చప్పుడు వినపడింది. ఒకసారి పడిందా రెండుసార్లు పడిందా అంటే ఒట్టేసి చెప్పలేను. తర్వాత "అబ్బ" అని ఒకటి వినపడింది. చాలా మెత్తగా, అనుకోని అద్భుతం ఏదో చూసినప్పుడు మనిషి గొంతులోంచి వచ్చే అబ్బ. కొంచెంసేపటికి ఇంకో "అబ్బా" వినపడింది. అది వేరే రకం. ఆ రకం నాకు బాగా తెలుసు.

నేను తిరిగి చూసేసరికి గొడుగు కింద పడి ఉంది. సార్ కుడికన్ను అరచేత్తో మూసుకుని నా వైపే వస్తున్నారు.

"ఏమైందండి?"

"పురుగు పడిందమ్మా. కొంచెం జరుగు."

ఇద్దరం ఒకే కుళాయి కింద మొహాలు పెట్టి కడుక్కుంటున్నాం. సరిగ్గా అప్పుడు ఆంటీ వచ్చారు. పైటచెంగు నెత్తి మీంచి మొహం మీదకి లాక్కుని, నేల చూపులు చూస్తా, ఒక చేతిలో నాకోసం కుడుముల గిన్నె, ఇంకో చేతిలో అక్షింతలు పట్టుకుని వచ్చారు. నేల చూపులకి ముందు గొడుగు కనపడింది. తర్వాత మా నాలుగు కాళ్ళు కుళాయి దగ్గర కనపడినాయి. ఈలోపు చంద్రుడు మబ్బులోకి పోయాడు, ఆంటీ తలెత్తారు.

"చూశారు మీరు."

"లేదే."

"మరి ఆ కన్నేంటి, బంతిపువ్వంత అయింది?"

"పురుగు పడింది."

"మీకు పురుగు, ఈ పిల్లకి రెండు కళ్ళల్లో రెండు పురుగులా? మూడూ కలిసి వచ్చినాయా?" అని ఆంటీ నేరుగా కెమెరా దగ్గరికి వెళ్ళారు. వంగి ఆ రబ్బరు దగ్గర ముక్కు పెట్టారు. పెద్దగా ఒక తుమ్ము తుమ్మారు. ఆమె గుంటూరు ఆడపడుచు, ఇంకేం చెప్పక్కర్లా. నా వైపు తిరిగి "పొద్దున ఏ పనికి పోయావే?" అన్నారు.

"ముచ్చికలకండి" అన్నా. ఏడుపొచ్చేసింది. మంటకని వాళ్ళనుకున్నారు. నాకు వచ్చింది కెమెరా పోయిందని.

ఆంటీ నన్ను వదిలి మళ్ళీ ఆయన్ని పట్టుకున్నారు. "పిల్ల కన్ను పెట్టింది, పిల్లకి మండింది. మీరు పెట్టకుండా మీకెట్టా మండింది?"

సార్ ఒక్క క్షణం ఆలోచించారు. ఒంటికన్నుతో ఆయన ఆలోచిస్తుంటే చూడాలి. "ఈ అమ్మాయి వచ్చేటప్పుడు గొడుగు ముట్టుకుంది. ఆ గొడుగు నేను పట్టుకున్నా. ఆ చేత్తో కన్ను నులుముకున్నా" అన్నారు. నేను గొడుగు ముట్టుకోలా.

"పొద్దున పూజలో అక్షింతలు వేసుకున్నాగా, ఒకవేళ చూసినా ఏమవుద్ది?" అని కూడా మెల్లగా అన్నారు.

"అది పొరపాటున చూసినవాళ్ళకి. పనిగట్టుకుని లెన్స్ పెట్టుకుని చూసినవాళ్ళకి కాదు."

"నేను చూడలేదంటే నమ్మవేం? అన్నీ అమ్మాయే తీసింది. నేను కెమెరా మీద వేలు కూడా పెట్టలా."

ఆంటీ ఆయన నెత్తిన గుప్పెడు అక్షింతలు వేసి, చేతిలో మిగిలినవి నా నెత్తిన కూడా వేశారు. "మీకు లేకపోయినా పర్లేదులే, ఉండనీ" అన్నారు. కిందకి తీసుకెళ్ళి చల్లటి పాలల్లో గుడ్డ ముంచి మా ఇద్దరి కళ్ళ మీదా వేసి, పక్కపక్కనే కుర్చీల్లో కూర్చోబెట్టారు. గుడ్డ కిందనుంచి సార్ గుసగుసగా "అట్టు కాదమ్మా, పుల్లట్టు" అన్నారు. నేను నవ్వు ఆపుకోలేక పాలగుడ్డ కింద పడేశా.

ఇంటికెళ్ళేసరికి మా అమ్మ గుమ్మంలోనే ఉంది. నా కళ్ళు చూసి తిట్టుద్దనుకున్నా. తిట్టలా. అన్నం పెట్టి, పక్కన కూర్చుని, ఎవరూ వినకుండా "ఎట్టా ఉన్నాడే?" అని అడిగింది. చెప్పా. గుంటలూ, నీడలూ, చీకట్లో కూర్చున్న మిగతా చంద్రుడూ, అన్నీ. మా అమ్మ నోరు తెరుచుకుని వింది. ఆఖర్న "సరేలే, నెలాఖరు దగ్గర పడింది" అని గిన్నెలు తీసింది. అంటే ఆమె మనసేం మారలేదన్నమాట.

మర్నాడు పొద్దున్నే స్టూడియోకి పోయా, కాళ్ళు వెనక్కి లాగుతున్నా. సార్ కంప్యూటర్ ముందు కూర్చుని ఉన్నారు, కన్ను ఇంకా ఎర్రగానే ఉంది. లెన్స్ అప్పటికే గుంటూరు బస్సెక్కిపోయింది. తెల్లబడినవీ వణికినవీ అన్నీ సార్ తీసిపారేశారంట, ఒక్కటే మిగిలింది. అది తెర నిండా పెట్టారు. ఇప్పుడు ఎవరు చూసినా పర్లేదు, పంచమి వచ్చేసింది. ఏం చెప్పనండి, ఆ సన్నటి వంకలో ఒక్కో గుంటా, గుంటలో నీడా, నీడ పక్కన గోరంత వెలుగూ, చేత్తో తడిమితే తగిలేట్టుంది. ఆంటీ కూడా వచ్చి సార్ వెనకాల నిలబడ్డారు. చాలాసేపు చూశారు. తర్వాత చాలా మామూలుగా, కూరేం వండమంటారు అని అడిగినట్టు, "ఇది ఎవరు తీశారు?" అన్నారు.

సార్ మౌస్ మీంచి చెయ్యి తీశారు. నా వైపు చూశారు. ఆంటీ వైపు చూశారు. ఆ ఫోటో తనది అనిపించుకోవాలని ఆయనకి ఎంత ఉందో ఆ మొహంలో రాసి ఉంది. ఇరవై ఏళ్ళు కెమెరా పట్టిన మనిషి. కానీ నేనే తీశాను అంటే చూసినట్టే.

"అమ్మాయే తీసింది" అన్నారు.

"అయితే మరి ఈ పిల్లకి మీరిచ్చిన మాట?" అన్నారు ఆంటీ.

అప్పుడర్థమైంది నాకు, ఆంటీకి ముందు రోజే అంతా తెలిసిపోయిందని. సార్ ఒక నవ్వు నవ్వి, బీరువా తాళం తీసి, పాత కెమెరా ఒకటి బయటికి తీసి నా చేతిలో పెట్టారు. "చేతులు చూపించు ముందు" అన్నారు. చూపించా. వాసన కూడా చూశారు. ఆ ఆదివారమే ఓణీల ఫంక్షన్ ఒకటి తీశా. మా అమ్మని కూడా తీసుకుపోయా. నన్ను కాదు, నన్ను "మేడమ్, ఇటు ఒకటి తియ్యండి" అని పిలిచేవాళ్ళని చూసింది ఆమె. ఇంటికొచ్చాక షెడ్డు మాట మళ్ళీ ఎత్తలా.

ఆ చంద్రుడి మీద మా ఊళ్ళో ఎన్ని జంటలు కూర్చున్నాయో లెక్కలేదు. ఇప్పుడు నాకే రెండు కెమెరాలు ఉన్నాయి, పొడుగు లెన్స్ కూడా ఉంది, దర్శి నుంచి కూడా పిలుస్తారు. ఎవరు అడిగినా ఆ ఫోటో నాదేనని చెప్పుకుంటా. చెయ్యని తప్పు నెత్తిన పడుద్దని మా నాయనమ్మ భయపెట్టింది గానీ, తియ్యని ఫోటో నెత్తిన పడుద్దని ఎవరూ చెప్పలా. నాదో కాదో తెలీదు మరి. పోయిన నెల సార్‌ని చూడ్డానికెళ్ళినప్పుడు, ఇన్నేళ్ళకి, ఉండబట్టలేక అడిగేశా. "నిజం చెప్పండి సార్, ఆ రోజు ఆఖరి ఫోటో ఎవరు తీశాం?" అని. సార్ కాఫీ గ్లాసు కింద పెట్టి, వంటింటి వైపు ఒకసారి చూశారు. లోపల పోపు వేగుతోంది.

"నేను చంద్రుణ్ణి చూడలేదమ్మా" అన్నారు.

ఇంటికొచ్చి ఆ ఫోటో మళ్ళీ తీసి చూశా. దాంట్లో చంద్రుడు మధ్యలో లేడు, కుడివైపు మూలకి జరిగిపోయి ఉన్నాడు. సార్ ఎప్పుడు తీసినా మనిషిని సరిగ్గా మధ్యలో పెడతారు, వెంట్రుక తేడా రానివ్వరు. కాబట్టి అది నేను గుడ్డిగా నొక్కి పరిగెత్తినప్పుడు పడిందే అయ్యుంటుంది అని చాలాసేపు సంతోషపడ్డా. తర్వాత ఇంకోటి తోచింది. కంట్లో మిరపకాయ మంట పెట్టుకున్న మనిషికి మధ్య ఏదో మూల ఏదో ఏం తెలుస్తుంది, అది నేనైతే ఏం, సార్ అయితే ఏం. రెండు కళ్ళూ మండిపోతుంటే నోరు మూసుకుని నిలబడిన ఆ పిల్లని తల్చుకుంటే మాత్రం నవ్వొస్తుంది. పక్కన ఉంటే భుజం తట్టి ఒక్క మాట చెప్పేదాన్ని, పోయి ముందు కొబ్బరినూనె రాసుకుని రావే పిచ్చిదానా, చంద్రుడు ఎనిమిదింటి దాకా ఎక్కడికీ పోడు అని.